ఎండిన గోడ

"నిద్రపోయాడట!" నిమిషాలమ్మ చేతిలోని రిపోర్టును బల్లమీద విసిరికొట్టింది. "పట్టపగలు మూడు గంటలకి, పక్కవాడి మాట కూడా వినపడనివ్వని పంపు దగ్గర కూర్చుని కునుకు తీశాడట! రాసినవాడికి సిగ్గు లేదు సరే, చదివి సంతకం పెట్టినవాళ్ళకి చెవులు కూడా లేవా?"

సంతకం పెట్టిన ఇన్‌స్పెక్టరు ఎదురుగానే ఉన్నాడు. ఆవిడ నోటికి ఆయన ఏనాడో అలవాటు పడ్డాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, కాగితాల అంచులు సరిచేసి సొరుగులో పెట్టుకున్నాడు.

"మూడింటికి వాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇప్పుడు పదకొండూ అయిదు. మీకు ఇరవై నిమిషాలిస్తున్నా. అదీ మీమీద గౌరవంతో."

"గౌరవం మీ దగ్గరే ఉంచుకోండి. నిమిషాలిస్తే చాలు."

ఎవరేం చెప్పినా "ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి?" అని అడగందే వదలదు కాబట్టి ఆ డిటెక్టివ్‌కి నిమిషాలమ్మ అనే పేరు పడింది. మొదట వెనకాల అనేవాళ్ళు, తర్వాత మొహమ్మీదే అనేవాళ్ళు. ఆవిడ కూడా పోనీలే అని పలకడం మొదలుపెట్టింది.

కేసు చూడబోతే చిన్నది. కొండ కిందనుంచి ఒక కంపెనీ సొరంగం తవ్వుతోంది. మంగళవారం మధ్యాహ్నం అందులోకి నీళ్ళొచ్చి ఒక మనిషి పోయాడు. పోయినాయన రాతిని పరీక్షించే ఇంజనీరు, కూలీల నోట్లో "రాళ్ళాయన". పంపు ఆపరేటరు నిద్రపోవడంవల్లే పంపు ఆగిపోయి నీళ్ళు పెరిగాయని కంపెనీ తేల్చేసింది, పోలీసులు తలూపేశారు. నిన్న ఆ ఆపరేటరు అక్క, బట్టలు కుట్టి బతికే మనిషి, నిమిషాలమ్మ గుమ్మంలో నిలబడి ఒకే మాట చెప్పింది: "మావాడు తాగుతాడమ్మా, అప్పుడప్పుడూ అబద్ధాలూ ఆడతాడు. పంపు దగ్గర మాత్రం వాడంతటి బుద్ధిమంతుడు లేడు." తమ్ముణ్ణి అంత నిక్కచ్చిగా తూచిన అక్క అబద్ధమాడదనిపించి ఆవిడ కేసు తీసుకుంది.

ఊచల అవతల ఆపరేటరు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. అక్క ఊచలు పట్టుకుని నిలబడింది.

"పంపు ఎప్పుడు ఆగింది?" అడిగింది నిమిషాలమ్మ.

"మూడూ పదికమ్మా."

"ఎవరు ఆపారు?"

"నేనే."

అక్క నెత్తి కొట్టుకుంది. "ఒరేయ్, నేనే ఆపానని అంత తేలిగ్గా చెప్తావేంట్రా!"

"చెప్పనీ అమ్మా. అబద్ధాలు చెప్పడానికి అవతల చాలామందే ఉన్నారు. నువ్వు మొదట్నుంచి రా. ఆ రోజు రాతిని ఎన్నింటికి పేల్చారు?"

"రెండూ అయిదుకి. రెండూ నలభైకి పంపులోంచి ఎర్రనీళ్ళు మొదలయ్యాయి. పద్నాలుగు నెలలుగా అద్దంలాంటి నీళ్ళు తోడిన పంపమ్మా అది. చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నాయి, తుప్పు వాసన. అసలు వారం రోజులుగా నీళ్ళే తగ్గిపోయాయి. పక్కగోడలు ఎండిపోయాయి. మేనేజరుగారు మమ్మల్నందర్నీ నిలబెట్టి చప్పట్లు కూడా కొట్టించారు."

"రాళ్ళాయన కూడా కొట్టాడా?"

"లేదమ్మా. ఆయనకి ఆ వారమంతా తిండి సయించలేదు. 'గోడ ఎండిందని మురిసిపోకురా, ఆ నీళ్ళు ఎటు పోయాయో కనుక్కో' అనేవాడు."

నిమిషాలమ్మ పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. "సరే. పంపు ఎందుకు ఆపావు?"

"మూడూ రెండుకి పంపుగదిలో ఫోను మోగింది. మేనేజరుగారు. బయట కాలవలో ఎర్రనీళ్ళు పడుతున్నాయి, తనిఖీవాళ్ళు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, ఆపెయ్ అన్నారు. రాళ్ళాయన పల్లానికి అవతల ఉన్నాడు సార్ అన్నాను. చెప్పింది చెయ్యి అన్నారు. బయటికొచ్చి ఆయన్ని కేకేశాను, వినపడలేదు. మళ్ళీ ఫోను మోగింది. ఆపేశాను." వాడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. "కాసేపటికి నీళ్ళు పెరుగుతుంటే మళ్ళీ పెట్టబోయాను. ఆ పెద్ద పంపు ఒకసారి ఆగితే వెంటనే అందుకోదమ్మా. గొట్టం నిండా నీళ్ళు పోసి, లోపలి గాలంతా తియ్యాలి. అందుకునేసరికి నాలుగైంది. అప్పటికే అంతా అయిపోయింది."

"ఇదంతా వీళ్ళకి చెప్పావా?"

"చెప్పాను. ఫోనే చెయ్యలేదన్నారట మేనేజరుగారు. ఆయన మాటెక్కడ, నా మాటెక్కడ!"

పల్లం అంటే సొరంగం మధ్యలో కిందికి దిగి మళ్ళీ పైకెక్కే చోటు. అరవై మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు అని వాడు చెప్పాడు. నాలుగింటికి అందులో నీళ్ళు తన గడ్డందాకా, అంటే మీటరున్నర లోతు ఉన్నాయన్నాడు. మామూలుగా ఊరే నీళ్ళు నిమిషానికి మూడొందల లీటర్లని, రోజూ పుస్తకంలో తనే రాసేవాణ్ణని కూడా అన్నాడు. నిమిషాలమ్మ అక్కడే నిలబడి లెక్క కట్టి, ఇన్‌స్పెక్టరు బల్లదగ్గరికొచ్చింది.

"ఆ పల్లం నిండడానికి మూడు లక్షల అరవైవేల లీటర్లు కావాలి. పంపు ఆపినా, రోజూ ఊరే నీళ్ళతో అది నిండాలంటే ఇరవై గంటలు. నిండింది యాభై నిమిషాల్లో! పంపు ఆపితే ఉన్న నీళ్ళు నిలుస్తాయి గానీ, లేని నీళ్ళు పుడతాయా ఇన్‌స్పెక్టరుగారూ? కొత్త నీళ్ళు నిమిషానికి ఏడువేల పైచిలుకు వచ్చాయి. పంపు ఆరువేలు తోడుతుంది. ఆపకపోయి ఉంటే రాళ్ళాయన బూట్లు తడుపుకుని నడిచొచ్చేవాడు."

ఇన్‌స్పెక్టరు మొదటిసారి కుర్చీలో కదిలాడు. "లెక్కలు కోర్టులో నిలబడవు మేడమ్. చేత్తో పట్టుకునే వస్తువేదైనా తెండి."

"తెస్తాను. మూడింటిలోపే."

స్టేషను నుంచి సొరంగానికి ఎనిమిది నిమిషాల దారి. పదకొండూ ముప్ఫై ఎనిమిదికి ఆవిడ గేటు దగ్గర దిగింది. కంపెనీ ఆఫీసులో పాసు లేదని ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. పాసు వచ్చాక హెల్మెట్ లేదన్నారు. హెల్మెట్ వచ్చాక అది ఆవిడకి పెద్దదైపోయిందన్నారు. "నా తల గురించి మీకెందుకు బెంగ, పెద్దదైతే చేత్తో పట్టుకుంటా" అని ఆవిడ లేచేసరికి పన్నెండూ ముప్ఫై. దాదాపు గంట మింగేశారు. ఆ గంట ఊరికే మింగలేదని ఆవిడకి కాసేపటి తర్వాత గానీ తెలియలేదు.

సొరంగం నోటి దగ్గర ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకడు మేనేజరు, తడారని బూట్లతో, జేబుల్లో చేతులతో. రెండోవాణ్ణి చూడగానే ఆవిడకి ఒళ్ళు మండింది. ఆరేళ్ళు తన దగ్గర అసిస్టెంటుగా పనిచేసి, పోయినేడాది సొంత బోర్డు పెట్టుకున్న శిష్యుడు. కంపెనీ తరఫున ఆ నిద్ర రిపోర్టు రాసిన మహానుభావుడు వాడే.

"గురువుగారూ, ఇంకా నిమిషాలే లెక్కపెడుతున్నారా?"

"నీ రిపోర్టు చదివాను నాయనా. ఆరేళ్ళలో నా దగ్గర ఏం నేర్చుకున్నావో అర్థమైంది. టైపింగు."

వాడి మొహం ఎర్రబడింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "పని మంగళవారం నుంచే ఆపేశాం మేడమ్. లోపల పురుగు కూడా లేదు. పోలీసులకి రాసిచ్చాం."

ముగ్గురూ లోపలికి నడిచారు. పంపుగదిలో చిన్న పంపొకటి గుర్రుగుర్రుమంటోంది. పెద్ద పంపు చల్లగా పడి ఉంది. దాని దగ్గర మనిషి లేడు. పల్లంలో చీలమండల లోతు నీళ్ళు. దాటి, అవతలి గట్టెక్కి, నలభై అడుగులు వేశాక గోడలోకి తవ్విన గూడొకటి వచ్చింది. బండ్లు వచ్చినప్పుడు మనుషులు పక్కకి తప్పుకోవడానికి తవ్వింది. మంగళవారం రాళ్ళాయన పనిచేస్తున్నది అక్కడే. పల్లం దాటబోయి మునిగిపోయాడు.

శిష్యుడు టార్చి వేశాడు. గూటి పక్కరాతిలో నిలువునా ఒక పగులు, దానికి అడ్డంగా ఒకదానికింద ఒకటి ఏడు గాజు పట్టీలు. కూలీలు రాసుకునే ఎర్ర రంగుతో అన్నిటిమీదా ఒకే తేదీ.

"పగులు కదులుతోందో లేదో చూడ్డానికి ఆయనే అంటించాడు. రాయి వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కుమంటుంది. అన్నీ పోయిన నెల ఇరవై రెండున అంటించినవే. ఏడూ నిక్షేపంలా ఉన్నాయి. కదలని పగుల్లోంచి అన్ని నీళ్ళెలా వస్తాయి? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకండి."

"పైగా గోడలు ఎండిపోయాయి కూడా," అందుకున్నాడు మేనేజరు. "అంటే రాయి గట్టిపడిందన్నమాట."

నిమిషాలమ్మ ఆయనవైపు తిరిగింది. "ఇల్లలకగానే పండగ కాదు మేనేజరుగారూ! మనం నిలబడ్డ ఈ ఖాళీలో ఒకప్పుడు రాయి ఉండేది. పైనున్న కొండ బరువులో తన వాటా మోసేది. దాన్ని మీరు తవ్విపారేశారు. ఆ బరువెక్కడికి పోతుంది? ఈ పక్కగోడలమీద పడుతుంది. నలుగురు మోసే బరువులోంచి ఇద్దరు తప్పుకుంటే మిగతా ఇద్దరి నడుములు ఏమవుతాయి? అంత బరువుకి రాతిలో అడ్డంగా ఉన్న పగుళ్ళు నొక్కుకుని మూసుకుపోతాయి. మీ నీళ్ళు ఊరేది వాటిలోంచే కాబట్టి గోడ ఎండింది. అదే బరువుకి గోడ వెనకాల రాయి నిలువునా చీలుతుంది, పొరలుపొరలుగా, సొరంగం పొడవునా. పాతదారి మూసుకుని కొత్తదారి తెరుచుకుంది. అంతే గానీ నీళ్ళు ఎక్కడికీ పోలేదు. ఆ కొత్తదారికి అటు చివర ఏముంది?"

శిష్యుడే మెల్లగా అన్నాడు. "పాత గని. మూసేసి ముప్ఫై ఏళ్ళైంది. నిండా నీళ్ళు."

"తుప్పు నీళ్ళు. లోతులో ఉండి వెచ్చబడిన నీళ్ళు. రెండూ అయిదు పేలుడుతో ఇటు చివర కూడా తలుపు తెరుచుకుంది. ఇదేం నా తెలివి కాదు, రాళ్ళాయన నోటుపుస్తకంలో ఉంది. నిన్న వాళ్ళావిడ ఇచ్చింది. గోడ ఎండడం మొదలైన రోజునుంచి మీకు పదకొండు ఉత్తరాలు రాశాడాయన! ఒక్కదానికైనా జవాబిచ్చారా?"

"ఆఫీసుకి సవాలక్ష ఉత్తరాలొస్తాయి," అన్నాడు మేనేజరు.

ఆ మాటకి నిమిషాలమ్మకి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. మనిషి చచ్చి మూడు రోజులు కాలేదు, ఆయన ఉత్తరాలు సవాలక్షలో కలిసిపోయాయి. ఆవిడ చెయ్యి చీరకొంగులో బిగించుకుని ఊరుకుంది.

"సిద్ధాంతం బాగానే ఉంది మేడమ్," శిష్యుడు పట్టు వదల్లేదు. "కానీ పట్టీ విరగలేదు. కంటికి కనపడిందే నమ్మమని మీరే నేర్పారు."

"చేత్తో ముట్టుకోమని కూడా నేర్పాను. ముట్టుకున్నావా?"

ఆవిడ పైనుంచి ఒక్కొక్క పట్టీ తడుముతూ వచ్చింది. ఆరు పట్టీల రెండు చివర్లా తెల్లటి ప్లాస్టరు, గోటికి పొడిపొడిగా రాలుతోంది. అన్నిటికన్నా కిందనున్న ఏడోది మాత్రం బూడిదరంగు ముద్దలో కూర్చుని ఉంది. దాని చుట్టూ రాయి చెమ్మగా మెరుస్తోంది.

"ఇదేంటో తెలుసా? లీకైన పైపులకి ప్లంబర్లు పెట్టే బంక. రెండు ముద్దలు కలిపి నొక్కుతారు, తడిలో కూడా పడుతుంది. ప్లాస్టరు తడిగోడమీద నిలవదు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే గూట్లో, ఆరింటికి ప్లాస్టరు పెట్టి ఏడోదానికి లీకుల బంక ఎందుకు పెడతాడు? ఆ రోజు గోడ తడిగా లేదు. తడి వచ్చింది మంగళవారం. ఇది అంటించింది ఆ తర్వాత. రాళ్ళాయన అంటించిన అసలు పట్టీ విరిగిపోయింది, ఎవరో పీకేసి కొత్తది పెట్టి పాత తేదీ రాశారు. నువ్వేమో ఫొటో తీసుకుని, ఒక అమాయకుణ్ణి జైలుకి పంపే కాగితానికి దాన్ని అతికించావు!"

శిష్యుడు వంగి ఆ బంకని చూశాడు. వాడి గొంతులో ఇందాకటి వెటకారం పోయింది. "నేను బుధవారం సాయంత్రం తీశాను... అప్పుడూ ఇలాగే ఉంది..."

"ఇలాగే ఉందా?"

ఆవిడ బొటనవేలి గోరు బంకలోకి నొక్కింది. గోరు దిగింది. చెయ్యి తీశాక అర్ధచంద్రంలా గుర్తు మిగిలింది.

"ఈ బంక పూటలో రాయైపోతుంది. బుధవారం పెట్టిందైతే సుత్తితో కొట్టినా ఊడదు. ఇది పెట్టి గంట కూడా అయి ఉండదు. నీ ఫొటో తియ్యి."

వాడు ఫోను తీశాడు. బుధవారం ఫొటోలో ఏడో పట్టీ ఎడమవైపు పైకెగసి వంకరగా ఉంది. గోడమీదున్నది తిన్నగా ఉంది. వాడు ఫొటోనీ గోడనీ రెండుసార్లు మార్చిమార్చి చూశాడు.

"ఇది ఆ పట్టీ కాదు," అన్నాడు. తర్వాత వాడే, ఆరేళ్ళు నేర్చుకున్నదంతా ఒక్కసారిగా గుర్తొచ్చినట్టు, "అంటే బుధవారం పెట్టింది కూడా విరిగింది. మళ్ళీ మార్చారు. పగులు ఇంకా తెరుచుకుంటూనే ఉంది మేడమ్!"

"చేతులు చూపించండి," అంది నిమిషాలమ్మ మేనేజరుతో.

ఆయన చేతులు జేబుల్లోంచి రాలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "నేనెందుకు చూపించాలి? మీరెవరు అడగడానికి?"

సరిగ్గా ఒంటిగంట. సొరంగం లోపలి చివరినుంచి గుండెలదిరేలా మోత మొదలైంది. డ్రిల్లు. భోజనాల వేళ అయిపోయింది.

నిమిషాలమ్మ ఒక్క క్షణం నమ్మలేకపోయింది. "పురుగు కూడా లేదన్నారు! లోపల ఎంతమంది?"

"ఎవరూ..."

"ఎంతమంది!"

"పద్నాలుగో, పదిహేనో," అన్నాడు మేనేజరు. "హాజరు తీసుకోలేదు. పని ఆపేశామని రాసిచ్చాం కదా, హాజరెలా తీస్తాం?"

లెక్కలోకి కూడా రాని మనుషులు! వాళ్ళు పోతే పోయారని చెప్పడానికి ఒక కాగితం కూడా ఉండదు. ఆవిడ నోరు తెరిచేలోపే గోడమీద పుటుక్కుమని చిన్న చప్పుడైంది. ఏడో పట్టీ మధ్యకి విరిగింది. ఆ వెంటనే ఆరోది, అయిదోది. పగులు అడుగునుంచి వెచ్చటి నీళ్ళు ఆవిడ పాదాలమీద పడ్డాయి. టార్చి వెలుగులో ఎర్రగా ఉన్నాయి.

శిష్యుడు హెల్మెట్ బిగించుకున్నాడు. "నేను లోపలికెళ్ళి వాళ్ళని తీసుకొస్తా. పల్లం నిండకుండా చూడండి. నిండితే మేమంతా అవతలే ఉండిపోతాం." జవాబు కోసం ఆగకుండా డ్రిల్లు మోతవైపు పరిగెత్తాడు. ఏడాదిగా వాడిమీద పెంచుకున్న కోపంలో సగం ఆ వీపు చూసేసరికి కరిగిపోయింది. మిగతా సగం వాడు బయటికొచ్చాక చూసుకుందామనుకుంది.

మేనేజరు అప్పటికే రెండోవైపు పరుగందుకున్నాడు. నిమిషాలమ్మ పల్లంలో అందుకుని ఆయన కాలరు పట్టుకుంది. నీళ్ళు పిక్కలదాకా వచ్చేశాయి. అలాగే ఈడ్చుకుంటూ ఇవతలి గట్టుమీది పంపుగదిలోకి తోసింది.

"పెద్ద పంపు పెట్టండి."

"నాకు రాదు! నేను మేనేజర్ని!"

"కొత్త ఆపరేటరేడి?"

"ఇంకా వేసుకోలేదు. చిన్నది సరిపోతుందని..." ఆయన గొంతు కీచుగా మారింది. "మంగళవారం కూడా నేను కాసేపే ఆపమన్నాను! తనిఖీవాళ్ళు గేటు దగ్గర ఉన్నారని, కాలవలో ఎర్రనీళ్ళు కనపడకూడదని! వాడు మళ్ళీ పెట్టుకోవాల్సింది, నా తప్పేముంది?"

ఆయన ఏం ఒప్పుకున్నాడో ఆయనకే తెలియలేదు. నిమిషాలమ్మకి తెలిసింది. కానీ దాన్ని పట్టుకుని సంబరపడే వేళ కాదు. ఆవిడ గోడకున్న ఫోను తీసి స్టేషను నంబరు తిప్పింది. ఒంటిగంటా అయిదు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఆపరేటర్ని కోర్టుకి కాదు, సొరంగానికి తీసుకురండి. ఇప్పుడే. ఎనిమిది నిమిషాల దారి, అయిదులో రావాలి. గొట్టాల్లో గాలి తియ్యడం వాడికే తెలుసు. అవతల పదిహేనుమంది, మావాడితో పదహారుమంది ఉన్నారు."

"మేడమ్, ముద్దాయిని లాకప్పులోంచి అలా ఎలా తీస్తాను? రూల్సు..."

"ముద్దాయి ఇక్కడ, నా చేతిలో ఉన్నాడు. మీరు తీసుకొచ్చేది పంపు ఆపరేటర్ని!"

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, తాళాల చప్పుడు వినపడ్డాయి. ఆవిడ ఫోను పెట్టేసి గుమ్మంలోకి వచ్చి చూసింది. పల్లంలో నీళ్ళు మోకాళ్ళు దాటాయి. లోపల డ్రిల్లు ఇంకా మోగుతూనే ఉంది, అవతలి గట్టుమీద ఒక్క దీపం కూడా కనపడలేదు.